ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్ళింది?

2021 ఫిబ్రవరి మొదట్లో తెలంగాణలో ఆధార్ కేంద్రాలు, మీసేవ కేంద్రాల ముందు పొద్దున్నే జనం బారులు తీరారు. కొత్త పథకం ఏదీ రాలేదు. కరోనా రోజులు కదా, రేషన్ షాపులో అందరూ ఒకే మిషన్ మీద వేలు పెడితే జబ్బు అంటుకుంటుందని, ఫిబ్రవరి 1 నుంచి వేలిముద్ర బదులు ఫోన్‌కి ఓటీపీ పంపాలనీ, లేదంటే కనుపాప స్కాన్ చేయాలనీ పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ ఓటీపీ రావాలంటే ఆధార్‌కి ఫోన్ నంబర్ జోడించి ఉండాలి. చాలామందికి అది లేదు, ఉన్నా పాత నంబర్. మార్చుకోవాలంటే ఆధార్ కేంద్రానికి వెళ్ళాలి. అక్కడికెళ్ళి చేసే పనేంటి? మిషన్ మీద వేలు పెట్టడమే! ఒకరి వేలు తగిలిన చోట ఇంకొకరు వేలు పెట్టకూడదని తెచ్చిన పద్ధతి వల్ల జనం గుంపుగా చేరి, అదే పని ఇంకోచోట చేయాల్సి వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఓటీపీ పెట్టడమంటే మాకు అరపూట పని. రెడీమేడ్ సర్వీసులున్నాయి, నాలుగు లైన్ల కోడ్ రాస్తే ఆరంకెల మెసేజ్ వెళ్ళిపోతుంది. టెస్టింగ్ కూడా మా ఫోన్ల మీదే. మెసేజ్ వచ్చింది, అంకెలు కొట్టాం, లోపలికెళ్ళాం, పని అయిపోయింది. అన్నీ సవ్యంగా జరిగే ఈ దారిని మా భాషలో హ్యాపీ పాత్ అంటారు.

ఇప్పుడు ఈ ఆరంకెల వెనక మేము చెప్పకుండా పెట్టుకున్న నమ్మకాలు లెక్కపెట్టండి. ఆ మనిషికి సొంత ఫోన్ ఉంది. ఆ ఫోన్ ఇప్పుడు ఆ మనిషి చేతిలోనే ఉంది. అందులో చార్జింగ్, సిగ్నల్, చెల్లుబాటులో ఉన్న రీఛార్జ్ ఉన్నాయి. ఐదేళ్ళ కింద ఇచ్చిన నంబరే ఇప్పటికీ వాడుతున్నారు. మెసేజ్ తెరవడం వచ్చు, ఇంగ్లిష్ అంకెలు చదవడం వచ్చు. ఇదంతా రెండు మూడు నిమిషాల్లో చేసేయగలరు. మా ఆఫీసులో ఉన్నవాళ్ళలో ఇవన్నీ లేనివాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి ఇవి నమ్మకాలని కూడా మాకు అనిపించదు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది నారాయణపేట వైపు పల్లె. ఊళ్ళో వాళ్ళమ్మ, మరదలు, మేనత్త ముగ్గురి ఆధార్లకీ ఇతని నంబరే ఉంది. ఎందుకంటే ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకే నంబర్ పెట్టుకుని ఉన్నవాడు ఇతనొక్కడే. నెలలో ఏదో ఒక పూట ఫోన్ మోగుతుంది. "రాసుకోమను సారుని... నాలుగు, సున్నా, ఏడు... ఏడే అత్తా, ఏడు! నువ్వు పట్టుకోకు, ఫోన్ సారుకియ్యి" అని గేటు దగ్గర నిలబడి అరుస్తుంటాడు. ఇతను మోటార్ వేయడానికి సెల్లార్‌లోకి దిగితే సిగ్నల్ ఉండదు. ఆ పది నిమిషాలూ అక్కడెక్కడో ఊళ్ళో కంప్యూటర్ సెంటర్ ముందు ఒక ముసలావిడ కూర్చుని ఉంటుంది. ఓటీపీ గడువు దాటిపోతుంది. మళ్ళీ పంపించాలి. మధ్యలో కరెంటు పోతే రేపు రమ్మంటారు.

సర్వేలో అడిగితే వాళ్ళింట్లో మొబైల్ ఫోన్ ఉందనే రాసుకుంటారు. అబద్ధం కాదు కూడా. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, ఆమెకి ఫోన్ ఉండటం వేరు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ తేడా పట్టుకుంది. తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉందని చెప్పిన ఆడవాళ్ళు దేశం మొత్తమ్మీద 54 శాతమే. జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలో 21 శాతం, మగవాళ్ళలో 48.8 శాతం అవునన్నారు. తెలంగాణలో ఆడవాళ్ళు 26.5, మగవాళ్ళు 57.4. హైటెక్ సిటీ చూపించి మనం దేశమంతా గొప్పలు చెప్పుకుంటున్న రోజుల నాటి లెక్క ఇది. పైగా సర్వే అడిగిన ఆడవాళ్ళు 15 నుంచి 49 ఏళ్ళ లోపువాళ్ళు. పింఛన్ తీసుకునే వయసు వాళ్ళని అసలు అడగనేలేదు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. ఇంట్లో ఒక్క స్మార్ట్‌ఫోన్ ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మాత్రం మీకూ తెలుసు, నాకూ తెలుసు.

రీఛార్జ్ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఒకప్పుడు లైఫ్‌టైమ్ సిమ్‌లు ఉండేవి, గుర్తుందా? బ్యాలెన్స్ లేకపోయినా ఇన్‌కమింగ్ వచ్చేది. మిస్డ్ కాల్ ఇచ్చి బతికేసిన తరం మనది. 2018 చివర్లో పెద్ద కంపెనీలు 35 రూపాయల కనీస రీఛార్జ్ మొదలెట్టాయి. అంటే, ఫోన్ మోగాలన్నా డబ్బు కట్టాలి. 2024 జులైలో రేట్లు ఒక్కసారిగా పెరిగాయి. జియోలో రోజుకి 1.5 జీబీ ఇచ్చే ప్లాన్ 239 నుంచి 299 అయింది, అదీ 28 రోజులకి. నెలకి 28 రోజులని లెక్కేస్తే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులు. మొత్తం 3,887 రూపాయలు. నాకది ఒకట్రెండు సాయంత్రాల బిర్యానీ ఖర్చు. మిరపకాయ కోతకి వెళ్ళే ఆమెకి అది ఎన్ని రోజుల కూలీయో లెక్కేసి చూడండి. డేటా అక్కర్లేని వాళ్ళకి మాటలు, మెసేజులు మాత్రమే ఉండే ప్లాన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించాల్సి వచ్చింది.

రీఛార్జ్ చేయకపోతే ఏమవుతుంది? కొన్నాళ్ళకి నంబర్ పోతుంది. పోయిన నంబర్‌ని కనీసం 90 రోజులు ఆపి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మధ్యతరగతి వాడికి ఫోన్ నంబర్ ఇంటిపేరు లాంటిది, పదిహేనేళ్ళయినా మారదు. కూలికి వలస పోయేవాళ్ళకి అట్లా కాదు. ముంబైలో ఒక సిమ్, బెంగళూరులో ఒక సిమ్, ఆఫర్‌లో వచ్చిన సిమ్ ఇంకోటి. ఆధార్‌లో ఉన్న నంబర్‌కి ఓటీపీ వెళ్తూనే ఉంటుంది. అది ఎవరి ఫోన్‌కి వెళ్తోందో ఎవరికీ తెలియదు.

అరిగిపోయిన వేళ్ళు

సరే, ఫోన్ లేకపోతే పోనీ, వేలు ఎవరికైనా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అంట్లు తోమీ తోమీ, సిమెంట్ కలిపీ కలిపీ, వరినాట్లలో నానీ నానీ అరిగిపోయిన వేలు ఉంటుంది. వేలిముద్ర మిషన్ చూసేది చర్మం మీది గీతల్ని. వయసు మీదపడ్డా, చేతిపని ఎక్కువైనా ఆ గీతలు పలచబడతాయి. కీబోర్డ్ కొట్టేవాళ్ళ వేళ్ళు బాగానే ఉంటాయి లెండి. రెక్కల కష్టం మీద బతికేవాళ్ళనే ఎక్కువగా కాదనే మిషన్ని, సరిగ్గా వాళ్ళ కోసమే పెట్టిన షాపులో పెట్టాం.

2018లో సుప్రీంకోర్టులో ఆధార్ కేసు నడుస్తున్నప్పుడు ఆధార్ సంస్థ అధిపతి స్వయంగా ఇచ్చిన ప్రజెంటేషన్‌లో ఒక అంకె ఉంది. ప్రభుత్వ సేవల్లో ఆధార్ ధ్రువీకరణ సఫలమయ్యేది 88 శాతం. టెలికాంలో 97, బ్యాంకుల్లో 95. పేదవాడి వరుస దగ్గరే అంకె తక్కువ. ఆ సంస్థ వాదన కూడా చెప్పాలి: ఒకసారి విఫలమైనంత మాత్రాన సాయం ఆగిపోయినట్టు కాదు, మళ్ళీ ప్రయత్నించవచ్చు, వేరే మార్గాలున్నాయి అన్నారు. నిజమే. నేను చూసిన షాపుల్లో నాలుగైదు వేళ్ళు మార్చి చూస్తారు. వేలికి కాస్త నూనె రాస్తారు, తడి తుడుస్తారు, చివరికి పడుతుంది చాలాసార్లు.

కానీ మా కంపెనీలో లాగిన్ 88 శాతం మాత్రమే సఫలమైందనుకోండి. అర్ధరాత్రి అందరినీ నిద్రలేపి కాల్‌లో కూర్చోబెడతారు. ఎందుకంటే మా యూజర్ విసుగొచ్చి పక్క యాప్‌కి వెళ్ళిపోతాడు. రేషన్ కార్డున్న ఆమెకి పక్క యాప్ లేదు. ఇంకో సంగతి, ఇది లాగ్‌లు చూసే అలవాటున్న వాళ్ళకే తడుతుంది: సర్వర్‌కి తెలిసేది వేలు పడిందా లేదా అన్నది మాత్రమే. వేలు పడక వెనక్కి వెళ్ళిన మనిషి సాయంత్రం మళ్ళీ వచ్చిందా, బియ్యం తీసుకుందా, కూలి మానుకుని మూడోసారి వచ్చిందా, ఇక రావడమే మానేసిందా? ఆ గడి ఏ డేటాబేస్‌లోనూ లేదు. లేని గడిని రిపోర్టులో చూపించలేరు. అందుకే నెలాఖరు రిపోర్టులు ఎప్పుడూ పచ్చగానే కనబడతాయి.

మరి మిషన్‌కి అంత పట్టింపు ఉందా అంటే అదీ లేదు. 2018లోనే పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల పత్రాలు దింపుకుని, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి వేల కొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. రబ్బరు వేలిని ఒప్పుకునే మిషన్ ఉంది, బతికున్న మనిషి వేలిని ఒప్పుకోని మిషన్ కూడా ఉంది.

ఒకే పరిశోధకులు, రెండు ఫలితాలు

ఇక్కడికి వచ్చాక కొందరు మిత్రులు అంటారు: "అయితే టెక్నాలజీ వద్దంటావా? పాత రోజుల్లో దొంగ కార్డులు, దొంగ మస్టర్లు, పోస్టాఫీసులో లంచాలు మర్చిపోయావా?" మర్చిపోలేదు. వద్దని కూడా అనను. వద్దని ఎందుకు అననో చెప్పే ఉదాహరణ మన దగ్గరే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ డబ్బులు, పింఛన్లు వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టారు. 2010 నుంచి 2012 దాకా ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో ఆ పని ఎట్లా సాగిందో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆదిలాబాద్, ఖమ్మం, నల్గొండ, నెల్లూరు, అనంతపురం, కర్నూలు, కడప, విజయనగరం ఆ జిల్లాలు. ముందు ఏ మండలాల్లో పెట్టాలో లాటరీ తీసినట్టు ఎంచారు కాబట్టి పోల్చడానికి వీలైంది. ఫలితం బాగుంది. కూలీ డబ్బులు తొందరగా వచ్చాయి. ఒక్కోసారి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది. మధ్యలో నొక్కేసేది బాగా తగ్గింది. కార్డు వాడినవాళ్ళని అడిగితే నూటికి తొంభై మందికి పైగా ఇదే నయమన్నారు.

ఇదే ముగ్గురు తర్వాత జార్ఖండ్ వెళ్ళారు. అక్కడ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర పెట్టారు. 2020లో వెలువడిన ఆ అధ్యయనంలో ఫలితం తిరగబడింది. వేలిముద్ర పెట్టినంత మాత్రాన దొంగతనం తగ్గలేదు, ఎందుకంటే అక్కడ దొంగ కార్డుల కన్నా, అసలు కార్డుకే తక్కువ తూచి ఇవ్వడం పెద్ద జబ్బు. జనానికి తిప్పట పెరిగింది. కార్డుకి ఆధార్ జోడించుకోని కుటుంబాలకి అందే సరుకు విలువ దాదాపు పది శాతం పడిపోయింది. తర్వాత సర్కారు డీలర్ల దగ్గరున్న నిల్వల లెక్క గట్టిగా అడిగినప్పుడు దొంగతనం తగ్గింది, దాంతోపాటే అసలైన లబ్ధిదారులకి వచ్చేదీ తగ్గింది.

రెండుచోట్లా వేలిముద్రే. తేడా ఎక్కడుంది? నాకర్థమైనంతలో, మిషన్‌లో లేదు. మన దగ్గర డబ్బిచ్చే మిషన్ పట్టుకుని ఉన్నది ఊళ్ళోనే ఉండే పొదుపు సంఘం మహిళ. పక్క ఊరి పోస్టాఫీసుకి నడవక్కర్లేదు. అంటే టెక్నాలజీ వచ్చి దూరాన్ని తగ్గించింది. రెండోది ఇంకా ముఖ్యం. రెండేళ్ళయ్యాక కూడా అక్కడ స్మార్ట్‌కార్డుల మీద జరిగిన చెల్లింపులు దాదాపు సగమే. మిగతా సగం? పాత పద్ధతిలోనే ఇచ్చారు. కార్డు లేదని ఎవరినీ ఆపలేదు, వేలు పడకపోతే కాగితం మీద ఇచ్చే వీలుంచారు. జార్ఖండ్‌లో మనిషికి ఉన్న దారి ఒక్కటే, అదీ మిషన్ గుండా.

ప్రాజెక్ట్ మేనేజర్ల దృష్టిలో సగమే పూర్తయిన పథకం విఫలమైన పథకం. నూటికి నూరు శాతం చూపిస్తేనే శాలువా కప్పుతారు. ఆ చివరి ఐదు పది శాతాన్ని 'పూర్తి' చేయడం కోసం పాత దారి మూసేస్తాం చూడండి, అక్కడే మనుషులు బయట మిగిలిపోతారు. జార్ఖండ్‌లోనే సిమ్‌డేగా జిల్లాలో 2017 సెప్టెంబరులో పదకొండేళ్ళ పాప చనిపోయింది. ఆధార్ జోడించలేదని రేషన్ కార్డు తీసేశారు, ఆకలితో పోయింది అని కుటుంబం చెప్పింది. కాదు, మలేరియా అని అధికారులు అన్నారు. కార్డు పోయిందన్న మాటని మాత్రం ఎవరూ కాదనలేదు.

ఆ కార్డు ఎట్లా పోయిందో అర్థం చేసుకోవడానికి జార్ఖండ్ దాకా వెళ్ళక్కర్లేదు. తెలంగాణలో 2016 నుంచి 19 లక్షల దాకా రేషన్ కార్డులు రద్దయ్యాయి. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ వేర్వేరు శాఖల డేటాని కలిపి చూసి, ఫలానా ఇంటికి కారుంది, ఫలానా ఇంటికి అనర్హత ఉంది అని చెబుతుంది. నాకు ఈ పని కొంచెం తెలుసు, కాబట్టి ఇందులో ఉన్న చిక్కు చెప్తా.

రేషన్ డేటాలో ఒక కె. వెంకటేశ్వర్లు ఉంటాడు. రవాణా శాఖ డేటాలో కూడా ఒక వెంకటేశ్వర్లు ఉంటాడు, ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒకచోట ఒక స్పెల్లింగ్, ఇంకోచోట ఇంకో స్పెల్లింగ్. మన లక్ష్మిని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తామో చూడండి! పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకోటి. చిరునామా చూద్దామంటే 'రామాలయం వెనక'. కాబట్టి ప్రోగ్రామ్ 'ఇద్దరూ ఒకరే' అని తేల్చదు, 'ఒకరే అయ్యే అవకాశం ఇంత' అని ఒక స్కోర్ ఇస్తుంది. ఎంత స్కోర్ దాటితే ఒకరే అనుకోవాలన్నది ఎవరో ఒక ఇంజనీర్ కుర్చీలో కూర్చుని పెట్టిన అంకె. షాపింగ్ సైట్‌లో ఈ అంకె కాస్త తప్పితే మీకు అక్కర్లేని చెప్పుల ప్రకటన కనిపిస్తుంది. ఇక్కడ తప్పితే బియ్యం ఆగిపోతాయి. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికి చనిపోయిన మనిషికి కారుందని రికార్డుల్లో పడి, ఆయన భార్యకి రేషన్ కార్డు ఇవ్వని ఉదంతం 2024 జనవరిలో పాత్రికేయుల పరిశోధనలో బయటపడింది. కారు అదే పేరున్న వేరే మనిషిది.

అసలు అన్యాయం స్కోర్ తప్పవడం కాదు, ఏ ప్రోగ్రామ్‌కైనా తప్పులు తప్పవు. కార్డు తీసేసేముందు ఇంటికెళ్ళి చూసిన మనిషి లేడు, నోటీసు లేదు. షాపుకి వెళ్తే 'మీ కార్డు లిస్టులో లేదు' అంటారు, అంతే. ఎందుకు లేదో డీలర్‌కి తెలియదు. ఆపరేటర్‌కీ తెలియదు, స్క్రీన్ మీద కనబడదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమంది. ఆ జులై నాటికి చూసిన దరఖాస్తుల్లో కనీసం 7.5 శాతం కార్డులు తప్పుగా తీసేసినవని తేలింది. 19 లక్షల్లో 7.5 శాతమంటే లక్షా నలభై వేలకి పైగా. కార్డులండీ, మనుషులు కాదు. ఒక్కో కార్డు వెనక ముగ్గురో నలుగురో ఉంటారు.

ఉపాధి హామీలో హాజరు ఫోన్ యాప్‌లో వేయడం 2023 జనవరి 1 నుంచి అన్ని పని స్థలాల్లో తప్పనిసరి చేశారు. రోజుకి రెండు ఫొటోలు, స్థలం గుర్తుతో సహా. మేటుగా ఉండే ఆమె స్మార్ట్‌ఫోన్ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి, డేటా ఎవరేయించాలి అన్నది ఆమె తలనొప్పే అయింది. చెరువు మట్టి తీసే చోట సిగ్నల్ లేక రెండో ఫొటో ఎక్కకపోతే పొద్దుటి నుంచి చేసిన పని హాజరులో లేనట్టే. మోసం ఆగిందా? పాత ఫొటోకి ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి రాసింది. మోసం చేసేవాడు యాప్‌ని నెల రోజుల్లో నేర్చుకుంటాడు. చిక్కుకునేది నిజంగా పార పట్టుకున్నవాళ్ళు.

మాలాంటి వాళ్ళ వైపు నుంచి కూడా ఒక ముచ్చట చెప్పాలి. 2021 మే నెల, 18 ఏళ్ళు దాటినవాళ్ళకి కరోనా టీకా కోవిన్‌లో ఆన్‌లైన్ బుకింగ్ ద్వారానే. స్లాట్లు తెరుచుకున్న సెకన్లలో అయిపోయేవి. ఊళ్ళో వాళ్ళు ఫోన్ నొక్కేలోపు అయిపోయేవి, ఎందుకంటే నగరంలో ఇంజనీర్లు స్లాట్ పడగానే టింగుమనే అలర్ట్ ప్రోగ్రామ్‌లు రాసి గ్రూపుల్లో పంచుకున్నారు. కార్లేసుకుని వంద కిలోమీటర్ల అవతలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వెళ్ళి సూది వేయించుకొచ్చినవాళ్ళున్నారు. ఆ ఊళ్ళో వాళ్ళు గేటు దగ్గర నిలబడి చూశారు. ఎవరూ ఏ రూల్ తప్పలేదు. మే 24న గానీ నేరుగా వెళ్ళి అక్కడే పేరు రాయించుకునే వీలు ఇవ్వలేదు.

కౌంటర్ వెనక మనిషి

నిజానికి తెలుగువాళ్ళకి కంప్యూటర్ మొదట పరిచయమైంది ఇట్లా కాదు. 2001లో ఈసేవ కేంద్రాలు వచ్చినప్పుడు కరెంటు బిల్లు ఒకచోట, నీళ్ళ బిల్లు ఒకచోట, ఇంటిపన్ను ఇంకోచోట అని తిరిగే బాధ తప్పింది. 2011లో మీసేవ వచ్చింది. రెండింట్లోనూ కంప్యూటర్ ముందు కూర్చున్నది ప్రభుత్వం తరఫు మనిషి. మనం కాగితం ఇచ్చి నోటితో చెప్తే చాలు. చదువు రానివాళ్ళకి కూడా అది పనిచేసేది, ఎందుకంటే కౌంటర్ వెనక ఉన్న ఆపరేటరే వాళ్ళకి యాప్, మౌస్, కీబోర్డ్ అన్నీ. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్‌లో 161 సేవలతో మొదలైంది. నేను వాడి చూశాను, బాగుంది. సెలవు పెట్టి ఆఫీసుకి వెళ్ళే పని తప్పుతుంది. నా భయమల్లా ఒకటే, వాట్సాప్‌లో వస్తోంది కదా ఇంకా కౌంటర్ ఎందుకు అని రేపెవరో ఖర్చు తగ్గించే అధికారి అడుగుతాడు.

కౌంటర్ మూసేసినా ఆపరేటర్ మాయమవ్వడు. ప్రైవేటు జిరాక్స్ షాపులోకి మారతాడు. చదువు రానివాళ్ళు ఇప్పుడు వెళ్ళేది అక్కడికే. దరఖాస్తుకి యాభై, డౌన్‌లోడ్‌కి ఇరవై, 'సర్వర్ బిజీ' అయితే రేపు మళ్ళీ. మా కాలనీ చివర అట్లాంటి షాపులో గోడకి ఆనించి ఒక పొడుగు నోట్‌బుక్ ఉంటుంది. అందులో వరసగా పేర్లు, ఆధార్ నంబర్లు, యూజర్ ఐడీలు, పాస్‌వర్డులు. గుర్తుండవు కాబట్టి షాపు అబ్బాయి దగ్గరే రాయించి పెట్టుకుంటారు. మేం ఆఫీసులో మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చుకుని, ఎవరితో పంచుకోవద్దని పోస్టర్లు అంటించుకుంటాం. ఇక్కడ ఊరందరి తాళాలూ ఒకే మేకుకి వేలాడుతున్నాయి. ఆ అబ్బాయి మంచివాడు. మంచివాడు కావడం తప్ప ఇంకే రక్షణా లేదు.

డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. యాసిడ్ దాడిలో కళ్ళు పోయినవాళ్ళు, చూపు లేనివాళ్ళు ఈ-కేవైసీలో రెప్ప ఆర్పమంటే ఎట్లా ఆర్పుతారని వేసిన కేసు అది. రెప్ప ఆర్పమనే స్క్రీన్ గీసిన డిజైనర్ చెడ్డవాడై ఉండడు. అతనికి అట్లాంటి ముఖం తెలియదు, అంతే. ఇరవై ఆదేశాలు ఇచ్చింది కోర్టు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, తీర్పు ఆ మనుషులని మార్చమనలేదు, స్క్రీన్‌ని మార్చమంది.

రేషన్ విషయంలో అయితే కొత్త తీర్పు కూడా అక్కర్లేదు. సిమ్‌డేగా ఘటన తర్వాత 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ అన్ని రాష్ట్రాలకీ ఉత్తర్వు పంపింది. ఆధార్ లేదని, వేలిముద్ర పడలేదని, నెట్‌వర్క్ లేదని ఎవరికీ సరుకు ఆపకూడదు. కార్డు చూసి ఇచ్చి, వాళ్ళ వివరాలు ఒక మినహాయింపుల రిజిస్టర్‌లో రాసుకోవాలి. సర్వర్‌లో లేదన్నానే, ఆ గడి ఇదే. కాగితం మీద ఎప్పుడో గీశారు.

ఈ వ్యాసం రాసేముందు మా పక్క వీధి రేషన్ షాపులో ఆ రిజిస్టర్ ఒకసారి చూపిస్తారా అని అడిగాను. డీలర్ పెద్దాయన, మర్యాదస్తుడు. డ్రాయర్ తీసి స్టాక్ రిజిస్టర్ ఇచ్చాడు. ఇది కాదండీ, వేలు పడనివాళ్ళని రాసుకునేది అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అట్లాంటిది మాకియ్యలేదు. వేలు పడకపోతే రేపు రమ్మంటం" అన్నాడు.

"రేపు కూడా పడకపోతే?"

"ఎల్లుండి వస్తరు. పదిహేను తారీకు దాటితే ఇగ రారు."